మాల్టా జ్వరము - మేకపాలు

మధ్యధరా సముద్రమున సిసిలీకి దక్షిణముగా మాల్టా అను చిన్న ద్వీపము కలదు. పందొమ్మిదవ శతాబ్దిలో అది బ్రిటిషు నౌకాదళమునకు పెద్ద స్థావరము. అచ్చటికి పోయిన సైనికులను ఒక వింత జ్వరము పట్టి పీడించుచుండెను. కొన్నాళ్లు కాసి తగ్గును. రోగి తేరుకొనెనని అనుకొనుచుండగా తిరిగి వచ్చును. రాత్రులందు పక్కబట్టలు తడిసిపోవునంత చెమటలు, నడుమునొప్పి, కీళ్లవాపు. ఇట్లు నెలల తరబడి సాగును. చనిపోవువారు కొద్దిమందే కాని, త్వరగా మంచము దిగువారును తక్కువే. చలిజ్వరమందమా, క్వినైనుకు లొంగదు. టైఫాయిడందమా, లక్షణములు సరిపడవు. 1860 ప్రాంతమున మార్స్టన్ అను సైనికవైద్యుడు తనకే ఈ జ్వరము రాగా, దీనిని ప్రత్యేకవ్యాధిగా వర్ణించెను.

1884లో డేవిడ్ బ్రూస్ అను మరియొక సైనికవైద్యుడు భార్య మేరీతో మాల్టా చేరెను. ఆమె ప్రయోగశాలలో అతనికి కుడిభుజము. 1887లో అతడు ఈ జ్వరముతో మరణించినవారి ప్లీహములనుండి ఒక సూక్ష్మజీవిని వేరుచేసి పెంచెను. కోతులకు ఎక్కించగా వాటికిని జ్వరము వచ్చెను. దొంగ దొరకెను, కాని ఇంటిలోనికి ఏ దారిన వచ్చుచున్నాడు? గాలిని, దుమ్మును, మురుగును, దోమలను అన్నిటిని అనుమానించిరి. జవాబు దొరకుటకు మరి 18 ఏండ్లు పట్టెను.

మాల్టాలో పాలవాడు మేకలమందను వీధులవెంట తోలుకొనివచ్చి, ఇంటి గడపయొద్దనే పాలు పితికి ఇచ్చెడివాడు. నీళ్లు కలుపుదురను భయముతో మన పట్టణములలోను ఒకప్పుడు గేదెను ఇంటిముందు పితికించుకొనెడివారు గదా! కన్నులయెదుట పితికిన పాలను శంకించువారెవరు? పైగా ఆ మేకలు నిగనిగలాడుచుండెను.

1904లో బ్రూస్ ఆధ్వర్యవమున ఒక పరిశోధక సంఘము ఏర్పడెను. అందు మాల్టా దేశస్థుడైన తెమిస్టోక్లిస్ జమ్మిత్ అను వైద్యుడొకడుండెను. రోగి నెత్తురునుండి తీసిన సీరమును ఈ సూక్ష్మజీవులతో కలిపినచో అవి ముద్దకట్టునని 1897లోనే తెలిసియుండెను. 1905 జూనులో జమ్మిత్ ఈ పరీక్షను ఆరు మేకల నెత్తురుపై చేసెను. అయిదింటిలో ముద్దకట్టెను! జబ్బుపడని మేకల ఒంటిలో రోగక్రిములు కాపురముండెనన్నమాట. తరువాత హారక్స్ అను సంఘసభ్యుడు పాలలోనే ఆ క్రిములను కనుగొనెను. పాలు చూచుటకు, రుచికి యథాప్రకారముగనే ఉండెను.

దీనితో పాత చిక్కుముడులు విడిపోయినవి. సామాన్య సైనికులకంటె పాలు ఎక్కువగా త్రాగు అధికారులకే జ్వరమెక్కువ. వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరినవారికి బలమునకని మేకపాలిచ్చిరి. వారు ఈ జ్వరము తెచ్చుకొనిరి. 1905లోనే 'జాషువా నికల్సన్' అను ఓడలో మాల్టా మేకలను అమెరికాకు తరలించుచుండగా, దారిలో పచ్చిపాలు త్రాగిన సిబ్బందిలో పెక్కురు జబ్బుపడిరి. కోరి చేసినను ఇంతకంటె స్పష్టమైన ప్రయోగముండదు.

1906లో సైనికుల ఆహారమునుండి మేకపాలను తొలగించిరి. ఏడాది తిరుగునప్పటికి వందలలో ఉన్న రోగుల సంఖ్య వ్రేళ్లపై లెక్కింపదగినంతకు దిగెను. కీర్తి చాలవరకు బ్రూస్‌కే దక్కెను. ఈ క్రిములకు బ్రూసెల్లా అనియే పేరు. జమ్మిత్‌కు తగిన పాలు దక్కలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

1897లో డెన్మార్కున బాంగ్, ఆవులకు నెలలు నిండకుండ దూడలు పడిపోవు రోగమునకు కారణమైన క్రిమిని కనుగొనియుండెను. అదియు ఇదియు దగ్గరిచుట్టములని 1918లో అమెరికాలో ఆలిస్ ఎవాన్స్ చూపెను. పెద్దలు నమ్మలేదు. 1922లో పరిశోధన చేయుచుండగానే ఆ జ్వరము ఆమెకే సోకి, ఏండ్లపాటు బాధించెను. మన దేశపు పశువులలోను ఈ రోగమున్నది. పాలు పొంగువరకు కాచినచో క్రిములు చచ్చును. అందుచేత మనయిండ్లలో ఆ దారి చాలవరకు మూసియున్నది. పడిపోయిన దూడను, మావిని వట్టి చేతులతో తీయు రైతులకు, పశువైద్యులకు మాత్రము అపాయము తప్పలేదు.

ఇక మాల్టా పౌరుల సంగతి. సైన్యమునకు ఆజ్ఞ చాలును. ఊరివారికి మేకపాలే చవుక పాలు, మేకలే కాపరుల జీవనాధారము. వాలెట్టా నగరములో పాశ్చరీకరణము 1938లో గాని రాలేదు. అంతవరకు జ్వరము వారిని వదలలేదు. 1995లో సయితము, పాశ్చరీకరణము చేయని పాలతో తయారైన చీజు తిని ఆ ద్వీపమున అనేకులు ఇదే జ్వరముతో మంచము పట్టిరి.