సంచి మారింది, కొసరు పోయింది

నేడు పుప్పాలగూడ దిక్కు పోతే చెలకలు కనబడవు, మేడలే కనబడతాయి. అయితే ఆ ఊరికి ఒక పక్కన రాజేంద్రనగరులో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఇంకో పక్కన పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వెలసినది. మన మెట్ట భూముల్లో ఏమి తరిగిపోయిందో చెప్పినవారు ఆ పటాన్‌చెరు వారే. సోయా వేసే రైతు ఆ కథ తెలుసుకోవాలి.

మొదట ఎరువుల సంగతి. 1842లో ఇంగ్లండులో లాస్ అనే ఆయన సూపరు ఫాస్ఫేటు తయారీకి పేటెంటు పొందాడు. మన దేశంలో 1951లో సింద్రీ కర్మాగారము అమ్మోనియం సల్ఫేటు తయారు చేయసాగినది. మన పెద్దలు మొదటిదాన్ని భాస్వరం కోసం, రెండోదాన్ని నత్రజని కోసం కొన్నారు. గంధకం కోసం ఎవరూ కొనలేదు. అయినా అమ్మోనియం సల్ఫేటులో నూటికి 24 పాళ్లు, సూపరులో 11 పాళ్లు గంధకము ఉంటుంది. అది కొసరుగా వచ్చి చేలో పడేది.

తరువాత యూరియా, డి.ఎ.పి. వాడకం పెరిగినది. మోత తక్కువ, సారం ఎక్కువ. కాని వీటిలో గంధకం లేదు. సంచి మారింది, కొసరు పోయింది. పెంట తోలడమూ తగ్గినది. 2002 మొదలు ఇక్రిశాట్ వారు మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు జిల్లాల మెట్టపొలాల మట్టిని పరీక్షించగా, చాలా చేలలో గంధకం, బోరాన్, జింకు మూడూ చాలవని తేలినది.

బోరాన్ అంటే కొత్తదేమీ కాదు, కంసాలి వాడే వెలిగారంలో ఉండేదే. అది లేక పైరు బతకదని 1923లో ఇంగ్లండులో కాథరిన్ వారింగ్టన్ అనే శాస్త్రజ్ఞురాలు చిక్కుడుజాతి మొక్కలపై రుజువు చేసినది.

సోయాకు ఈ రెండూ ఎందుకు? గింజలో మాంసకృత్తులకు, నూనెకు గంధకం కావాలి. పూత నిలిచి గింజ కట్టడానికి బోరాన్ కావాలి. వేరు బుడిపెలు సరిగా పనిచేయడానికి రెండూ కావాలి. మధ్యప్రదేశ్‌లోని విదిశ జిల్లాలో రైతుల నల్లరేగడి చేలలోనే ఇవి వేసి చూడగా సోయా దిగుబడి సుమారు మూడో వంతు పెరిగినది.

చేను పసుపు పచ్చబడితే వెంటనే యూరియాకు పరుగెత్తకండి. ముదురాకు ముందు పండితే నత్రజని లోపము. లేతాకు ముందు పాలిపోతే గంధకం లోపము కావచ్చు. అప్పుడు యూరియాకు పెట్టిన డబ్బు దండుగే.

సోయాకు ఎకరాకు 24 కిలోల భాస్వరం సూపరు రూపంలో వేస్తే 150 కిలోలు పడుతుంది. దానితోనే 16 కిలోల గంధకం వస్తుంది, వేరే కొననక్కర లేదు. డి.ఎ.పి. వేసేవారు ఎకరాకు 80 కిలోల జిప్సం దుక్కిలో చల్లవచ్చు. వేరుశనగ రైతుకు జిప్సం పాత చుట్టమే గదా!

బోరాన్ మాత్రం చేతికొచ్చినంత చల్లేది కాదు. లోపమున్న చేనికి ఎకరాకు 2 కిలోల వెలిగారం చాలు. మితి మీరితే ఆకు మాడుతుంది. కనుక ముందు మట్టి పరీక్ష, తరువాతనే సంచి. వేసవిలోనే మట్టి తీసి పంపండి. ఈసారి కాగితంలో గంధకం, బోరాన్ కూడా రాయించండి.