నెత్తళ్ళు లేని వూస్టర్ సాస్



కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక తప్పు చేసితిని. మా యింటికి వచ్చిన పెద్దమ్మగారికి బంగాళాదుంపల వేపుడుమీద, బజారునుండి తెచ్చిన నల్లని సాస్ నాలుగు చుక్కలు చిలకరించి పెట్టితిని. "చింతపండు పులుపులాగే ఉందిరా, బాగుంది" అని ఆమె మెచ్చుకొని మరి రెండు చుక్కలు వేయించుకొనెను. ఆమె వెళ్ళిన పిదప సీసాపై చీటీ చదివితిని. వెనిగరు, బెల్లపు మడ్డి, చింతపండు, ఉల్లి, వెల్లుల్లి. వాని నడుమ చిన్న యక్షరములతో, మన నెత్తళ్ళ జాతి చేప! చీటీ అబద్ధమాడలేదు; చదువనివాడను నేనే. మరునాడు పోయి ఉన్నమాట చెప్పితిని. ఆమె కోపింపలేదు. తలస్నానము చేసి, ఆ పూట భోజనము మాని, సాయంకాలమున ఒక్క మాట యడిగెను: "ఆ చేప లేకపోతే అది అవదా, నాయనా?"

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను తెలిసికొనిన సంగతులే నేటి ప్రసంగము.

ఈ జాతి సాస్ ఇంగ్లండులోని వూస్టరు పట్టణమున పుట్టినది. లీ, పెర్రిన్స్ అను నిద్దరు మందుల వర్తకులు 1837లో దీనిని అమ్మకమునకు పెట్టిరి. వంగదేశమున గవర్నరుగా నుండి వచ్చిన శాండిస్ ప్రభువు ఈ పాకవిధానమును వారి కిచ్చెననియు, వారు చేసిన ద్రవము మొదట నోట బెట్టరానిదై నేలమాళిగలో మూలబడి, చాలకాలమునకు పక్వమై రుచికెక్కెననియు నొక కథ కలదు. కథ సొగసైనదే గాని, వంగదేశపు గవర్నరులలో శాండిస్ అను ప్రభువెవ్వడును లేడు. చింతపండు మాత్రము నిజము. దానిని అరబ్బులు 'తమ్ర్ హిందీ', అనగా హిందూదేశపు ఖర్జూరము, అని పిలిచిరి. ఇంగ్లీషువారి 'టామరిండు' ఆ మాటయే. మన చింతపండును వారి ఉప్పుచేపయు ఒక సీసాలో కాపురము చేయుచున్నవి.

ఉప్పుచేప రసము ఇంగ్లీషువారు కనిపెట్టినది కాదు. రోమనులు చిన్నచేపలను, పెద్దచేపల ప్రేవులను ఉప్పుతో కలిపి ఎండలో ఊరబెట్టి, దిగిన రసమును 'గారం' అను పేర వంటలలో విరివిగా వాడుకొనిరి. క్రీ. శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపేయి పట్టణమున స్కారుస్ అను గారం వర్తకుడు తన యింటి సావడిలో, నేలమీద, తాను అమ్ము జాడీల బొమ్మలనే రంగురాళ్ళతో పొదిగించుకొనెను. అంతటి వ్యాపారమది!

అయితే నన్ను ఆశ్చర్యపరచినది వేరొకటి. క్రీస్తుశకము నాలుగైదు శతాబ్దుల నాటి పల్లాడియుస్ అను వ్యవసాయ గ్రంథకర్త బేరిపండ్లతో 'లిక్వామెన్' చేయు విధానమును వ్రాసియున్నాడు. లిక్వామెన్ అనగా చేపరసమే. బాగుగ పండిన బేరిపండ్లను ఉప్పుతో త్రొక్కి, గుజ్జు కరగిన పిదప తారు పూసిన కుండలలో నిలువచేసి, మూడవ నెల దాటిన తరువాత వ్రేలాడగట్టి రసము దింపవలెను. రంగు తెల్లనగును గనుక, ఉప్పు కలుపునపుడే నల్లని ద్రాక్షసారాయి చేర్చుమని చెప్పినాడు. దానికి అతడు పెట్టిన విశేషణమునకు, నియమపరులకు తగినది అని యర్థము. చేపరసము రాజ్యమేలిన దేశముననే దానిని ముట్టనివారును ఉండిరి. వారి జాడీ వేరుగా నుండెను. మా పెద్దమ్మగారి ప్రశ్నను పదునైదువందల యేండ్ల క్రిందటనే ఎవరో అడిగియుండవలెను. బేరిపండ్లకు చేప రుచి వచ్చునని మాత్రము నాకు నమ్మకము లేదు.

చైనావారి త్రోవ మేలైనది. వారి ప్రాచీన 'జియాంగ్' మాంసముతోను, చేపతోను ఊరవేసినదే గాని, హాన్ వంశపు రాజుల కాలమునకే సోయాచిక్కుడు గింజలు ఆ స్థానమునకు వచ్చెను. సోయాసాస్ ఆ సంతతిలోనిది.

ఇక 'కెచప్' అను మాట హొక్కియెన్ భాషలో ఊరిన చేపనీటికి పేరట. సముద్రవర్తకుల వెంట అది ఇంగ్లండు చేరగా, అచటి గృహిణులు పుట్టగొడుగులతోను, లేత అక్రోటుకాయలతోను చేయసాగిరి. 1747లో హన్నా గ్లాస్ అచ్చువేయించిన పాకగ్రంథమున, ఇరువదియేండ్లు నిలుచునను కెచప్‌లో పుట్టగొడుగులతోబాటు నెత్తళ్ళును కలవు. 1817లో వెలువడిన డాక్టరు కిచినర్ గ్రంథమున, పుట్టగొడుగులును ఉప్పును మిరియములవంటి దినుసులును చాలెను.

ఏల చాలెనో 1908లో జపాను రసాయనశాస్త్రజ్ఞుడు ఇకెడా తెలిపెను. సముద్రపు నాచు కాచిన నీటిలో గ్లుటమేటును కనుగొని, ఆ రుచికి 'ఉమామి' అని పేరిడెను. ఊరిన చేపలోను, ఊరిన సోయాలోను, పుట్టగొడుగులలోను అది యున్నది. నాకు ధైర్యము కలిగెను.

కాని పుట్టగొడుగులు మా పెద్దమ్మగారికి పనికిరావు. మనుస్మృతి అయిదవ అధ్యాయము వెల్లుల్లి, నీరుల్లితోబాటు వానిని నిషేధించుచున్నది. ఆమె స్మృతి చదువలేదు గాని ఆచారము తెలియును. కావున సోయాసాస్, ఇంగువ నాకు శరణ్యమైనవి.

100 గ్రాముల చింతపండును వేడినీట నానబెట్టి పిసికి, రెండు గిన్నెల చిక్కని రసము తీయవలెను. అందు 100 గ్రాముల నల్లబెల్లము, 200 మిల్లీలీటర్ల వెనిగరు, 100 మిల్లీలీటర్ల సోయాసాస్, బొటనవ్రేలంత అల్లము నలగగొట్టి, చెంచాడు ఆవాలు, చెంచాడు మిరియములు, ఆరు లవంగములు, నాలుగు ఎండుమిరపకాయలు, చిటికెడు ఇంగువ వేసి, సన్నని సెగపై అరగంట కాచవలెను. రాచ్చిప్పయైన మేలు, కళాయిలేని ఇత్తడి పాత్ర పులుపునకు చిలుము పట్టును. చల్లారిన పిదప దినుసులతోనే గాజుజాడీలో పోసి, మూడు వారములు దినదినము కుదుపుచు, తరువాత గుడ్డతో వడియగట్టవలెను. మొదటి తడవ నేను ఉప్పు విడిగా వేసి పాడుచేసితిని. సోయాసాస్‌లోనే ఉప్పు మెండు. ఆ సాస్ కొనునపుడు దాని చీటీని కూడ చదువుడు.

ఆ సీసాను ఎవరిచేతను పంపక నేనే తీసికొనిపోతిని. పెద్దమ్మగారు దానిని ఇటునటు త్రిప్పి చూచి, "చీటీ ఏదిరా?" అనిరి. అక్కడనే కాగితముపై వ్రాసి, అన్నపుమెతుకుతో అతికించి, పది దినుసులును పేరుపేరున చదివి వినిపించితిని. ఇంగువ దగ్గర తల యూపి, "ఇప్పుడు వెయ్యి" అని విస్తరి ముందుకు జరిపిరి.