కల్తీ కల్లు

తాటి, ఈత చెట్ల నుంచి తీసిన కల్లులో మత్తుమందులు కలిపి, లేదా అసలు చెట్టు రసమే లేకుండా నీళ్లు, చక్కెర, రసాయనాలతో తయారుచేసి అమ్మే పానీయం కల్తీ కల్లు. తెలంగాణ పల్లెల్లో దీన్ని మందు కల్లు అని కూడా అంటారు. కలిపే మందుల్లో ముఖ్యమైనవి మూడు: క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం. సారాకో, విస్కీకో బానిసైన మనిషికి తాను ఏం తాగుతున్నాడో తెలుసు. కల్తీ కల్లు తాగేవారిలో చాలామందికి అది తెలియదు. కల్లే తాగుతున్నామనుకుంటూ ఏళ్ల తరబడి నిద్రమాత్రల మందుకు అలవాటు పడతారు. ఈ సమస్యను మిగతా మద్యపాన సమస్యల నుంచి వేరుచేసేది ఇదే.

చెట్టు కల్లు

గీత కార్మికుడు మోకు, ముస్తాదు సాయంతో చెట్టెక్కి, తాటిచెట్టయితే గెలను, ఈతచెట్టయితే మొవ్వు దగ్గరి కాండాన్ని పలుచగా చెక్కి లొట్టి కడతాడు. కారే రసం మొదట తియ్యగా ఉంటుంది. పులియకముందు దించితే అది నీరా. గాలిలోను, లొట్టిలోను ఉండే ఈస్ట్ వల్ల కొద్ది గంటల్లోనే రసం పులిసి కల్లవుతుంది. అందులో ఆల్కహాల్ సుమారు 4 నుంచి 6 శాతం, అంటే దాదాపు బీరులో ఉన్నంత. మర్నాటికి పులుపెక్కి తాగడానికి పనికిరాదు. చెట్టు ఏడాది పొడవునా ఒకేలా పారదు. ఏ చెట్టు ఏ కాలంలో పారుతుందన్నదాన్ని బట్టి తాటికల్లులోనే పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అని రకాలున్నాయి. నిల్వ ఉండకపోవడం, కాలాన్ని బట్టి తగ్గడం, చెట్టెక్కే మనిషి ఒంటి సత్తువ మీద ఆధారపడటం — కల్లుకు ఈ మూడు హద్దులు స్వతహాగా ఉన్నాయి. ఈ హద్దులు దాటి అమ్మాలనుకోవడంతోనే కల్తీ మొదలవుతుంది.

కల్లు తెలంగాణ గ్రామ జీవితంలో లోతుగా అల్లుకున్న పానీయం. ఎల్లమ్మకు, పోచమ్మకు సాక పోసేది దీనితోనే. బోనాల్లో, పెళ్లిలో, మనిషి పోయాక పిట్టకు పెట్టేటప్పుడు కల్లు ఉండాల్సిందే. పొలం పనుల నుంచి వచ్చిన ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి కూర్చుని తాగడం ఇక్కడ తప్పుగా చూడరు. ఇంత నమ్మకం ఉన్న పానీయం కాబట్టే అందులో విషం కలిసినా అనుమానించేవారు తక్కువ.

కల్తీ ఎందుకు, ఎలా

రహదారులకు, ప్లాట్లకు, ఇటుక బట్టీలకు తాటి, ఈత వనాలు పోయాయి. చెట్టు మీద నుంచి పడి ఏటా గీత కార్మికులు చనిపోవడం, నడుములు విరగడం చూసిన కొత్త తరం ఆ వృత్తిలోకి రావడం మానేసింది. కార్మికుల రక్షణకు ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్ష పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది గానీ, అప్పటికే చాలా ఊళ్లలో ఎక్కేవారు తగ్గిపోయారు. చెట్లు తగ్గినా దుకాణాల్లో అమ్మకం తగ్గలేదు. హైదరాబాద్‌లో ఈ తేడా ఇంకా స్పష్టం. నగర పరిసరాల్లో గీతకు పనికొచ్చే చెట్లు లేవన్న కారణంతో 2004లో అక్కడి కల్లు దుకాణాలను మూసేశారు. 2014లో మళ్లీ తెరిచారు. ఆ పదేళ్లలో నగరం చుట్టూ చెట్లేమీ పెరగలేదు.

కల్తీ చేసే పద్ధతి సులువైనది. ప్లాస్టిక్ డ్రమ్ములో కొద్దిగా చెట్టు కల్లు, ఎక్కువగా నీళ్లు పోస్తారు. తీపికి శాకరిన్ వేస్తారు, నురగ వచ్చే పదార్థం కలుపుతారు. మత్తుకు తెల్లని పొడి వేసి కర్రతో తిప్పుతారు. ఒకప్పుడు ఆ పొడి క్లోరల్ హైడ్రేట్. 1832లో తయారై, 1869 నుంచి నిద్రమందుగా వాడుకలోకి వచ్చిన ఈ రసాయనాన్ని వైద్యులు దాదాపుగా వదిలేశారు. ఆల్కహాల్‌తో కలిస్తే దాని మత్తు బాగా పెరుగుతుంది, మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. తర్వాత డైజోపాం, ఇటీవల ఎక్కువగా అల్ప్రాజోలం దాని చోట చేరాయి.

అల్ప్రాజోలం ఎందుకు అంత ఆకర్షణీయమైందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆందోళన తగ్గించడానికి డాక్టర్లు ఇచ్చే మాత్రలో ఉండేది 0.25 లేదా 0.5 మిల్లీగ్రాములే. ఒక గ్రాము పొడి 0.5 మిల్లీగ్రాముల లెక్కన రెండు వేల మాత్రలతో సమానం. కిలో పొడి 20 లక్షల మాత్రలతో సమానం. జేబులో పట్టే పొట్లం ఒక ఊరికి వారాలకు సరిపోతుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. ఈ పొడి నీళ్లలో సరిగా కరగదు. డ్రమ్ములో అన్నిచోట్లా ఒకేలా కలవదు. పైనున్న కల్లు తాగినవాడు మామూలుగా ఇంటికి వెళతాడు, అడుగున మిగిలింది తాగినవాడు లేవడు. కర్రతో తిప్పేవాడి దగ్గర మిల్లీగ్రాములు తూచే త్రాసు ఉండదు.

శరీరంపై ప్రభావం

మెదడులో నాడుల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం పనిని ఈ మందులు పెంచుతాయి. ఆల్కహాల్ కూడా ఇంచుమించు అదే దారిలో పనిచేస్తుంది కాబట్టి రెండూ కలిస్తే నిద్రమత్తు, మాట తడబాటు, అడుగు తూలడం త్వరగా వస్తాయి. మోతాదు మించితే ఊపిరి మందగించి మనిషి స్పృహ తప్పుతాడు. రోజూ తాగేకొద్దీ మెదడు ఆ మందుకు సర్దుకుంటుంది. నిన్నటి సీసా ఈరోజు చాలదు. కొన్ని వారాల తర్వాత తాగేది కిక్కు కోసం కాదు, చేతుల వణుకు ఆగడానికి. పొద్దున్నే దుకాణం ముందు చేరేవారిలో ఎక్కువమంది ఈ దశలో ఉన్నవారే.

హఠాత్తుగా మందు అందకపోతే ఒకటి రెండు రోజుల్లో నిద్ర పట్టకపోవడం, చెమటలు, వణుకు మొదలవుతాయి. ముదిరితే ఫిట్స్ వస్తాయి. లేనివి కనబడతాయి, లేని మాటలు వినబడతాయి. మనిషి తనవాళ్లను గుర్తుపట్టడు. ఈ దశలో ప్రాణాపాయం కూడా ఉంది. హెరాయిన్ మానేసినవారి బాధ భయంకరంగా ఉన్నా దానితో చావు అరుదు. ఈ రకం మందులు, ఆల్కహాల్ విషయంలో ఆ మాట చెప్పలేం.

2015 సెప్టెంబరులో ఇది ఒక్కసారిగా బయటపడింది. కల్లులో మందు కలపడంపై ఎక్సైజ్ శాఖ గట్టిగా దాడులు చేయడంతో మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో పొడి సరఫరా ఆగింది. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వ ఆసుపత్రులకు వందల మంది ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో వచ్చారు. మంచాలకు కట్టేయాల్సి వచ్చినవారున్నారు. కొందరు చనిపోయారు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులే వరుస కట్టారు. రెండుసార్లూ వారిని ఆసుపత్రికి చేర్చింది మత్తు కాదు, మత్తు అందకపోవడం. ముందుగా వైద్యం సిద్ధం చేయకుండా సరఫరాను మాత్రమే తెంచితే శిక్ష పడేది కల్తీ చేసినవారికి కాదు, తాగినవారికి.

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి పరిసరాల్లో జరిగింది దీనికి భిన్నం. అక్కడ కల్లు తాగినవారికి వాంతులు, విరేచనాలు పట్టుకుని రక్తపోటు పడిపోయింది. మూత్రపిండాలు దెబ్బతిని కొందరికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. పలువురు మరణించారు.

ఊరి మీద ప్రభావం

నగరంలో వ్యసనం ఒక్కొక్క ఇంటి సమస్యగా కనబడుతుంది. చిన్న ఊళ్లో అందరూ తాగేది ఒకే దుకాణంలో, ఒకే డ్రమ్ములోది కాబట్టి ఊరంతా ఒకేసారి, ఒకే మందుకు అలవాటు పడుతుంది. సరఫరా ఆగిన రోజున కూలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముసలివాళ్లు అంతా ఒకేసారి పడిపోతారు. నాట్లకు మనుషులు దొరకరు. పక్కింటివారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినవారికే వణుకు పట్టి ఉంటుంది.

ఆడవాళ్ల పరిస్థితి మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. సారాపై 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఉద్యమంలో తాగేది మగవాళ్లు, పోరాడింది ఆడవాళ్లు. కల్తీ కల్లు విషయంలో ఆ గీత లేదు. రోజంతా బీడీలు చుట్టిన నడుంనొప్పికి, కూలి అలసటకు సాయంత్రం ఒక సీసా అనే అలవాటు ఆడవాళ్లలోనూ ఉంది. భర్త తాగుడు మాన్పించే ఇల్లాలు తానే బానిసైతే ఆ ఇంట్లో అడ్డుకునేవారు ఉండరు. గర్భిణులు తాగితే మందు బిడ్డకూ చేరుతుంది. పుట్టిన బిడ్డ పాలు తాగలేనంత మందకొడిగానైనా ఉంటుంది, లేదా మందు అందక గిలగిలలాడుతుంది.

డబ్బు సంగతి కనబడేంత చిన్నది కాదు. సీసా ధర తక్కువే గానీ రోజుకు నాలుగైదు సీసాలు, ఇంట్లో ఇద్దరు తాగేవాళ్లు అయితే కూలి పైసల్లో పెద్ద వాటా దుకాణానికే పోతుంది. ఉద్దెర ఖాతా ఉన్న ఇల్లు పంట రాగానే మొదట తీర్చేది ఆ బాకీనే.

గీత వృత్తినీ కల్తీ లోపలి నుంచి తినేస్తోంది. నికార్సయిన చెట్టు కల్లు తెచ్చిన గౌడన్న దగ్గర కిక్కు లేదని గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. బతకాలంటే తానూ కలపాలి, లేదా వృత్తి మానాలి. నిజామాబాద్ ప్రాంతంలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు కల్లు అమ్మకానికి వేలం పెట్టి, సొమ్ము కట్టని గీత కుటుంబాలను సాంఘికంగా బహిష్కరించిన ఉదంతాలున్నాయి. వేలంలో పెట్టిన డబ్బు చెట్టు కల్లు మీద రాదు. పొడితోనే రాబట్టాలి. ఊరి బాగు కోసం పుట్టిన కమిటీయే ఊరిని మత్తులోకి నెట్టడం ఇందులో అన్నిటికంటే విచారకరమైన భాగం.

చట్టం, సరఫరా

అల్ప్రాజోలం, డైజోపాం 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం కిందికి వస్తాయి. అల్ప్రాజోలం 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. శిక్ష పదేళ్ల జైలుతో మొదలై ఇరవై ఏళ్ల దాకా ఉంటుంది. పొడి వచ్చేది దూరదేశాల నుంచి కాదు. బల్క్ డ్రగ్ పరిశ్రమకు దేశంలోనే పేరున్న హైదరాబాద్ చుట్టుపక్కల, మూతపడిన యూనిట్లలో, అద్దె షెడ్లలో దీన్ని తయారుచేస్తున్నట్టు కేసుల మీద కేసులు చెబుతున్నాయి. 2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ పాత బోయిన్‌పల్లిలో ఒక పాఠశాల భవనంలోనే అల్ప్రాజోలం తయారీ పట్టుబడింది. అయినా పట్టుబడేవారిలో డ్రమ్ము తిప్పే చిన్న వ్యాపారులే ఎక్కువ. కేసులు ముడిసరుకు అమ్మినవారి దాకా వెళ్తేనే సరఫరా తగ్గుతుంది.

చికిత్స

కల్తీ కల్లు అలవాటును ఒక్కరోజులో మానడం ప్రమాదం. ఆసుపత్రిలో డాక్టర్లు అల్ప్రాజోలం, డైజోపాం కుటుంబానికే చెందిన మందును కొలిచిన మోతాదులో ఇచ్చి, రోజులు, వారాల మీద తగ్గిస్తూ వస్తారు. విటమిన్ బి1, ద్రవాలు, నిద్రకు తోడ్పాటు అవసరం. రోగి ఏం తాగాడో ఇంటివారు దాచకుండా చెప్పడం ముఖ్యం. "కల్లే తాగాడు సార్" అన్న మాట విని మామూలు ఫిట్స్ అనుకుంటే చికిత్స దారి తప్పుతుంది. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి విలువైన గంటలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. కల్లు మానిన రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, పొంతనలేని మాటలు కనిపిస్తే 108కి ఫోన్ చేసి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.