తనది కాని నవ్వు, తనది కాని యేడ్పు

పక్షవాతము వచ్చి కాలుచేయి పడిపోయినవారిని మీరు చూచియేయుందురు. జగిత్యాలలోగాని, కోరుట్లలో బీడీలు చుట్టు ఇండ్లలోగాని, సిరిసిల్లలో సాంచలు నడుపు వాడలలోగాని ఈ వ్యాధి నెరుగని వీధి యరుదు. ఆ రోగులలో కొందరికి మరియొక బాధ కలదు. పలుకరించిన మాత్రమున బోరున ఏడ్చుదురు. చావు కబురు చెప్పుచుండగా పకపక నవ్వుదురు. ఆపుకొనవలెనని యెంత పెనుగులాడినను ఆగదు. ఇంటివారు సిగ్గుపడి, గాలి సోకినదని ఒకరు, మతి పోయినదని ఒకరు చెప్పుకొని, తుదకు అతనిని నలుగురిలోనికి తీసికొనివచ్చుట మానుకొందురు. ఆరాధనలో ఏడ్చినయెడల, ఏదో దాచిన పాపము బయటపడుచున్నదని గుసగుసలాడువారును కలరు. అంతకంటె అన్యాయపు మాట లేదు.

1872లో ఇంగ్లాండు దేశస్థుడైన ఛార్లెస్ డార్విన్, మనుష్యుల ముఖములయందును జంతువులయందును భావములు కనబడు విధమునుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. డార్విన్ పేరు వినగానే మనలో కొందరు ముఖము ముడుచుకొందురు. అయినను ఆ గ్రంథమునకు సమాచారము పంపినవారిలో మిషనెరీలును ఉండిరి. కలకత్తా వృక్షోద్యానమునుండి స్కాట్ అనువాడు మన దేశపు జనులను గమనించి వ్రాసి పంపెను. పిచ్చాసుపత్రి వైద్యుడైన క్రైటన్ బ్రౌన్ కూడ డార్విన్‌కు చాల ఉత్తరములు వ్రాసెను. ఒక ప్రక్క పడిపోయినవారు ఊరకయే ఏడ్చుదురని ఆ గ్రంథములో చెప్పబడినది.

ఎందుచేత? దీనిని చక్కగా విడమరచినవాడు లండనులోని వైద్యుడు కిన్నియర్ విల్సన్. ఇతడు ఒక ప్రెస్బిటేరియను పాదిరిగారి కుమారుడు, 1878లో అమెరికాలో పుట్టినవాడు. మెదకు గొప్ప దేవాలయము ప్రతిష్ఠింపబడిన 1924వ సంవత్సరముననే ఇతని వ్యాసము వెలువడెను. నవ్వవలెనన్నను ఏడ్వవలెనన్నను ముఖము, గొంతు, ఊపిరి మూడును కలిసి పనిచేయవలెను గదా. వాటిని జతపరచు ఏర్పాటు మెదడు అడుగున, వెన్నుపాముతో కలియుచోట ఉన్నది. పై మెదడు దానికి పగ్గము వేసి నడుపును. పక్షవాతము ఆ దారులను చెరిపినప్పుడు పగ్గము తెగును, బండి తానే పరుగెత్తును. కావున కన్నీళ్లు కారుచున్నను లోపల దుఃఖము ఉండకపోవచ్చును. నవ్వుచున్నవాడు లోలోపల సిగ్గుతో కుములుచుండవచ్చును. 2001లో అమెరికాలోని వైద్యులు కొందరు, ఏ సందర్భమునకు ఎంత నవ్వు, ఎంత ఏడ్పు అను కొలతను సరిచూచుటలో చిన్న మెదడునకును పని యున్నదని వ్రాసిరి.

అయితే ప్రతి కన్నీటిని ఈ లెక్కలో వేయరాదు. కాలుచేయి పోయినవానికి నిజమైన దిగులును వచ్చును. ఆ దిగులు దినములకొలది నిలుచును, నిద్రను ఆకలిని చెరుపును; ఈ ఏడ్పో కొద్ది క్షణములలో, మహా అయితే కొన్ని నిమిషములలో ఆగిపోవును. రెండును ఒక్కనికే ఉండవచ్చును గనుక, వైద్యునికి చూచినది చూచినట్లు చెప్పవలెను. చాలమంది రక్తపు పోటు మాట చెప్పుదురు గాని ఈ మాట చెప్పరు.

మందులు కలవు. దిగులునకు ఇచ్చు సిటలోప్రాం అను మందు పక్షవాత రోగుల ఏడ్పును తగ్గించినదని 1993లో డెన్మార్కు వైద్యులు ప్రకటించిరి. 2010లో అమెరికా ప్రభుత్వము ఈ బాధకే మరియొక మందును అంగీకరించెను; అందులో ఒక భాగము దగ్గు మందులలో వాడునదే. అది విని దగ్గు సీసా కొని త్రాగించకుడి! దానితో కలుపు రెండవ మందు గుండె నడకను మార్చగలదు. వైద్యుడు చూచి ఇయ్యవలసినది. ప్రభుత్వ వైద్య కళాశాల జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను మొదలైనది గనుక అడుగుటకు దూరము పోనక్కరలేదు.

మీరు అట్టివారిని చూడబోయినప్పుడు, ఏడ్పు మొదలైనచో ఎందుకు ఏడ్చుచున్నావని అడుగకుడి, అడిగినకొలది హెచ్చును. మెల్లగా ఊపిరి తీసికొననిచ్చి, వర్షము సంగతియో, ఈ యేటి పసుపు ధర సంగతియో ఎత్తుడి. ఏడ్పు తగ్గిన తరువాత, మాట ఎక్కడ ఆగినదో అక్కడనుండియే మరల సాగించుడి.