శివాజీ కోటలు విడిచిన వేళ



నేను ముప్పదేండ్లకు పైగా పల్లెటూరి బడిలో పాఠములు చెప్పినవాడను. శివాజీ చరిత్రమును ఎన్ని మారులు చెప్పితినో లెక్క లేదు. అఫ్జలుఖాను వృత్తాంతము వచ్చినపుడు పిల్లలు కన్నార్పక వినుచుండిరి. పురందరపు సంధి వచ్చినపుడు మాత్రము నేను దానిని ఒక్క వాక్యముతో దాటివేయుచుంటిని. ఒకనాడొక రైతుబిడ్డ పుస్తకములోని లెక్క చూచి లేచి, "అయ్యవారూ! ముప్పదియైదు కోటలలో ఇరువదిమూడు శత్రువున కిచ్చివేసినవాడు వీరుడెట్లగును?" అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. "కూర్చుండుము" అంటిని. ఆ పిల్లవానికి నేను బాకీపడిన ప్రత్యుత్తరమే నేటి నా ప్రసంగము.

శివాజీ 1630వ సంవత్సరమున శివనేరి కోటలో జన్మించెను. ఆయన బాల్యముననే, 1636లో, అహమ్మదునగరపు నిజాముషాహీ రాజ్యము అంతరించెను. దాని భూములను మొగలాయీలును, విజాపురపు సుల్తానును పంచుకొనిరి. తండ్రి షాహాజీ విజాపురపు కొలువులో చేరి, కర్ణాటక దండయాత్రలలో దూరముననే కాలము గడిపెను. బాలుడు తల్లి జిజాబాయి పెంపకమున, పూనా జాగీరులో పెరిగెను. పడమటి కనుమలలోని మావళ లోయల ప్రజలే ఆయన తొలి భటులు. ఉత్తరమున మహాసామ్రాజ్యము, దక్షిణమున ధనిక రాజ్యము. నడుమ రాతికొండలు, సన్నని వరిమళ్లు. ఆయన మూలధన మంతయు నదియే.

కావున ఆయన మొదట కొండకోటలపై దృష్టి నిలిపెను. 1646 ప్రాంతమున తోరణ చేజిక్కెను. ఆ పిమ్మట రాజగఢము లేచెను. 1656లో జావళి వశమయ్యెను. ఆ యడవి కొండలలో కట్టిన ప్రతాపగఢము క్రిందనే 1659 నవంబరులో విజాపురపు సేనాని అఫ్జలుఖాను హతుడయ్యెను. ఈ కథ మీ రందరు నెరిగినదే, విస్తరింపను. అంతకు ముందొక సంగతి జరిగినది. 1648లో విజాపురమువారు షాహాజీని చెరబట్టగా, తండ్రి విడుదలకై శివాజీ కొండాణా కోటను తిరిగి యిచ్చివేసెను. పట్టుటతోపాటు విడుచుటయు ఆయన పిన్నవయస్సుననే నేర్చెను.

కోటను పట్టుటకంటె నిలుపుకొనుట కష్టము. శివాజీ ప్రతి కోటలోను ముగ్గురధికారుల నుంచెను. హవాల్దారు వద్ద తాళపుచెవులు, సబ్నీసు వద్ద లెక్కలు, కార్ఖానీసు వద్ద ధాన్యము, మందుగుండు మొదలగు సామగ్రి. ఒక్కడు లంచమునకు లొంగినంత మాత్రమున కోట పోకుండుట కీ యేర్పాటు. భటులకు భూములను జాగీరులుగా పంచుటకు ఆయన యిష్టపడక, ఖజానానుండి జీతములిచ్చెను. జాగీరు పొందినవాడు తన భూమిని చూచుకొనును. జీతము పొందినవాడు రాజ్యమును చూచుకొనును.

1660లో ఔరంగజేబు మేనమామ షాయిస్తఖాను పూనాను ఆక్రమించెను. 1663 ఏప్రిలులో ఒక రాత్రి శివాజీ ఆయన బసలోనే చొరబడగా, ఖాను వ్రేళ్లు పోగొట్టుకొని బ్రతికిపోయెను. 1664 జనవరిలో సూరతు కొల్లపోయెను. యుద్ధవ్యయమునకు ధనము చేకూరెను గాని, అచ్చటి వర్తకులకది ఘోరాపద యనియు మనము మరువరాదు.

అప్పుడు వచ్చెను మీర్జా రాజా జయసింగు. ఆయన తొందరపడు సేనాని కాడు. శివాజీకి విరోధులైనవారి నందరిని ముందుగా కూడగట్టెను. 1665లో పురందరమును ముట్టడించి, చుట్టుప్రక్కల పల్లెలను తగులబెట్టుటకు దండులను పంపెను. కోటను కాచిన మురారబాజీ పోరాడి నేలకొరిగెను. పైరులు పోయెను, పశువులు పోయెను, కోట నిలుచునట్లు లేదు. ఆ జూనులో శివాజీ సంధికి వచ్చెను. సాలుకు నాలుగు లక్షల వరహాల రాబడి గల ఇరువదిమూడు కోటలు మొగలాయీలకు పోయెను. లక్ష వరహాల రాబడితో పండ్రెండు మాత్రము మిగిలెను.

అయ్యలారా! కరవు వచ్చినపుడు రైతేమి చేయును? ఎడ్ల నమ్మును, నగల నమ్మును. విత్తుల గాదెను మాత్రము ముట్టడు. శివాజీ చేసినదియు అదియే. రాజగఢము, తోరణ, రాయగఢము చేతినుండి జారలేదు. కొండదారు లెరిగిన జనము జారలేదు. పరువునకై అచ్చటనే పోరాడి యుండినచో పండ్రెండును మిగిలెడివి కావు.

1666లో ఆగ్రాకు వెళ్లి, కావలిలో చిక్కి, ఆగస్టులో తప్పించుకొని వచ్చెను. వచ్చినవెంటనే కత్తి దూయలేదు. మూడేండ్లకు పైగా ఓర్చి, కోటలను, పన్నుల వసూలును చక్కబెట్టెను. 1670 ఫిబ్రవరిలో తానాజీ ప్రాణమిచ్చి సింహగఢమును గెలిచెను. అదియే పూర్వపు కొండాణా. మరుసటి నెలలో పురందరము తిరిగి వచ్చెను. తక్కినవానిలో పెక్కు వరుసగా వెంబడించెను. 1674 జూన్ 6న రాయగఢమున పట్టాభిషేకము జరిగెను.

ఈ కథకు మన తెలుగునాటితోను సంబంధము కలదు. 1677లో శివాజీ గోలకొండకు వచ్చి అబుల్ హసన్ తానీషాతో మైత్రి చేసికొనెను. ఆ మైత్రికి తోడ్పడిన ప్రధాని మన మాదన్నయే. గోలకొండ ధనసహాయముతో, ఫిరంగులతో దక్షిణమునకు సాగి చెంజి కోటను గైకొనెను. ఇంటికంత దూరమున కోట యేల యని యప్పటివారు కొందరనుకొని యుందురు. శివాజీ 1680లో పరమపదించెను. 1689లో కుమారుడు శంభాజీని ఔరంగజేబు చంపించెను; రాయగఢము పడిపోయెను. అప్పుడు రెండవ కుమారుడు రాజారాముడు తల దాచుకొన్నది చెంజిలోనే. మొగలాయీసేన 1698 వరకు, రమారమి ఎనిమిదేండ్లు, దాని ముందు పడిగాపులు పడెను. ఈలోగా మహారాష్ట్రమున పోరాట మాగలేదు. దాచిన విత్తు మరల మొలకెత్తెను.

నాయనా! ఆనాడు నన్నడిగిన నీవు ఇప్పుడు నడివయస్సువాడవై, ఏ పొలము గట్టుననో ఉందువు. నిన్ను కూర్చుండుమనుట నా తప్పు. కోటలు విడిచినవాడు వీరుడెట్లగునని యడిగితివి. ఏవి విడువలేదో చూచినచో తెలియునని నేడు చెప్పుచున్నాను. రెండు పంటలు తప్పిన యేట నీ గాదెను తలచుకొనుము. నాకంటె బాగుగా నీకే బోధపడును.

సెలవు.