గగనతలానికి నిమిషాల కాపలా

1917 జూన్ 13న జర్మనీ గోథా విమానాలు పట్టపగలే లండన్ మీద బాంబులు కురిపించాయి. 162 మంది చనిపోయారు. బ్రిటిష్ విమానాలు లేచాయి గానీ, అంత ఎత్తుకు చేరేసరికి శత్రువు పని ముగించుకుని తిరుగుముఖం పట్టాడు. విమానాలు ఉన్నంత మాత్రాన చాలదు, కబురు ముందే అందాలని లండన్‌కు అప్పుడు తెలిసొచ్చింది. ఆ ఏడాదే నగర రక్షణ చేపట్టిన ఆష్‌మోర్ అనే సైనికాధికారి పరిశీలకులను, ఫిరంగులను, సెర్చ్‌లైట్లను, విమానాలను ఒకే అజమాయిషీ కిందికి తెచ్చాడు.

1935లో రాడార్ ప్రయోగం ఫలించింది. మరుసటి ఏడాది ఏర్పడిన ఫైటర్ కమాండ్ అధిపతి హ్యూ డౌడింగ్ దాని చుట్టూ ఒక యంత్రాంగాన్నే అల్లాడు. తీరంలోని రాడార్ల సమాచారాన్ని ఫైటర్ కమాండ్ కేంద్రమైన బెంట్లీ ప్రయరీలో వడపోసి సెక్టార్లకు పంపేవారు. మహిళా సిబ్బంది పెద్ద మ్యాపు మీద శత్రువు జాడను జరుపుతుంటే, ఏ స్క్వాడ్రన్‌ను లేపాలో కంట్రోలర్ నిర్ణయించేవాడు. పొద్దస్తమానం గాలిలో గస్తీ తిరిగి ఇంధనం తగలేసే పని తప్పింది. 1940లో పైలట్లు విమానాల పక్కనే కూర్చుని పిలుపు కోసం ఎదురుచూసేవారు. నేటి పద్ధతికి పునాది అదే.

ప్రచ్ఛన్న యుద్ధంలో అణుబాంబుల భయం ఆ ఎదురుచూపును ఏడాది పొడవునా, రేయింబవళ్లూ సాగే డ్యూటీగా మార్చింది. రన్‌వే చివర షెడ్డులో ఇంధనం, క్షిపణులు నింపిన విమానాలుంటాయి. తనిఖీలన్నీ డ్యూటీ ఎక్కేటప్పుడే పూర్తవుతాయి. పక్క గదిలో పైలట్లు జీ-సూట్‌తోనే ఉంటారు. సైరన్ మోగితే ఇంజన్ రాజేసి లేవడమే. నాటో దేశాల్లో దీన్ని క్విక్ రియాక్షన్ అలర్ట్ అంటారు, మన వాయుసేనలో ఓఆర్‌పీ డ్యూటీ అంటారు. ఉత్తర సముద్రం మీద సోవియట్ టీయూ-95 బాంబర్ పక్కకు చేరిన బ్రిటిష్ పైలట్లు చేసింది కాల్పులు కాదు. గుర్తుపట్టి, ఫొటో తీసి, సాగనంపడం.

గుర్తుపట్టడంలో పొరబడితే ఏమవుతుందో 1983 సెప్టెంబరు 1 చూపింది. దారితప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ సుఖోయ్-15 కూల్చేయగా 269 మంది మరణించారు. మరుసటి ఏడాది అంతర్జాతీయ పౌర విమానయానానికి సంబంధించిన షికాగో ఒడంబడికలో కొత్త నిబంధనను ఆమోదించారు: గాలిలో ఉన్న పౌర విమానంపై ఆయుధం వాడరాదు. రెక్కలు ఊపి వెంట రమ్మనడం, 121.5 మెగాహెర్ట్జ్‌పై పిలవడం వంటి సంకేతాలు అప్పటికే ఉన్నాయి. వాటి విలువ ఇంకా పెరిగింది.

2001 సెప్టెంబరు 11 నాటికి అమెరికా ప్రధాన భూభాగంలో అలర్ట్‌లో ఉన్నవి 7 స్థావరాల్లో 14 ఫైటర్లే. ఓటిస్ స్థావరంలోని ఎఫ్-15లకు ఆదేశం ఉదయం 8.46కు అందింది, న్యూయార్క్ జంట టవర్లలో మొదటిదాన్ని హైజాకైన విమానం ఢీకొన్న నిమిషం కూడా అదే. ముప్పు బయటి నుంచి వస్తుందని కాపలా కాస్తే అది లోపలి నుంచి వచ్చింది. ఆ తర్వాత కూడా కాపలా అన్నిచోట్లా నిరంతరం సాగలేదు. 2014 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున హైజాకైన ఇథియోపియన్ విమానాన్ని జెనీవా వైపు నడిపించుకొచ్చినవి ఇటలీ, ఫ్రాన్స్ ఫైటర్లు. స్విస్ వాయుసేన అప్పట్లో ఆఫీసు వేళల్లోనే పనిచేసేది. 24 గంటల కాపలా అక్కడ 2020 చివర్లో గానీ మొదలుకాలేదు.

గోథాల నాటి విమానాలకూ నేటి జెట్‌లకూ వేగంలో పోలికే లేదు. అయినా పైలట్‌కు దక్కే వ్యవధిని నిర్ణయించేది ఇంజన్ కాదు. ముందే చూసే రాడార్, జంకకుండా ఆదేశమిచ్చే అధికారి. ఆ రెండింటిలో ఏది ఆలస్యమైనా ఎంత ఖరీదైన ఫైటరైనా షెడ్డులో ఉన్నట్టే లెక్క.