జనరేటరు ముందా? కరెంటు ముందా?



జనరేటరు అనగానే పెళ్లిపందిరి వెనకాల డబడబలాడే బండి గుర్తొస్తుంది. లేదా బజారులో కొట్టు మెట్ల మీద పొగలు కక్కే చిన్న పెట్టె గుర్తొస్తుంది. కరెంటు పోయినప్పుడు దాని బదులు వాడుకునేది, అంతేగా అనుకుంటాం. కాని పాత సంగతులు తిరగేస్తే వరస తారుమారుగా కనిపిస్తుందండీ. మన గోదావరి గడ్డ మీదికి ముందొచ్చింది ఊరి జనరేటరే. ఎక్కడో కొండల్లో పుట్టి తీగల మీద వచ్చే కరెంటు దాని తరువాతది.

రాజమండ్రినే తీసుకోండి. 1924లో రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ అని ఒక ప్రైవేటు కంపెనీ ఏర్పడింది. కరెంటు తయారుచేసి ఊరివాళ్లకి అమ్మడం దాని ఉద్దేశం. 1949లో మద్రాసు ప్రభుత్వం ఇలాంటి కంపెనీలను స్వాధీనం చేసుకోవడానికి చట్టం చేస్తే, మన రాజమండ్రి కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1954లో గెలిచింది కూడాను. దీపాల మీద అంత వ్యాజ్యం నడిచిందన్న మాట! ఆ మరుసటి ఏడు, 1955లో, మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైంది. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి వచ్చింది. అక్కడినుంచీ మన ఇంటి దీపం మీట మన ఊళ్లో లేకుండా పోయింది.

పల్లెల్లో సంగతి వేరు. అక్కడ ఇంజనంటే బియ్యం మిల్లుది, లేదా డేరా సినిమాది. మా అమ్మ చెప్పేది: సాయంత్రం ఊరి చివర డేరా దగ్గర ఇంజను చప్పుడు వినిపించిందంటే ఇళ్లల్లో ఆడవాళ్లు పొయ్యి ఆర్పేసి, పిల్లల్ని చంకనేసుకుని బయలుదేరేవాళ్లట. ఇంట్లో మాత్రం బుడ్డిదీపమే. పెళ్లయితే పెట్రోమాక్స్ లైట్లు. అంటే ఇంజను ఎప్పుడూ నలుగురూ చేరే చోటే ఉండేది, అదీ ఆరుబయట. ఈ ఆరుబయట అన్న మాట గుర్తుంచుకోండి, దాంతో పని ఉంది.

చేత్తో పట్టుకుపోగలిగే జనరేటరు జపాను వాళ్ల పుణ్యం. 1965లో హోండా వాళ్లు ఈ-300 అనే చిన్న యంత్రం తెచ్చారు. 1985లో మన శ్రీరామ్ వాళ్లు, హోండా వాళ్లు కలిసి ఇక్కడే కంపెనీ పెట్టారు. బిర్లా యమహా పేరుతో కూడా వచ్చాయి. తాడు లాగితే స్టార్టయ్యేవి. కొన్ని రకాలు పెట్రోలుతో మొదలై కిరసనాయిలు మీద నడిచేవి. ముందు కొట్లవాళ్లు, డాక్టర్లు కొన్నారు, తరువాత కలిగినవాళ్ల ఇళ్లకు చేరాయి. రెండు ఫాన్లు, రెండు ట్యూబులైట్లు, ఒక టీవీ దాని శక్తి. గ్రైండరూ, నీళ్ల మోటారూ దాని వల్ల కావు. మగవాళ్లు కొన్న వస్తువని అక్కడే తెలిసిపోతుంది! సినిమా చూపిస్తుంది గాని పిండి రుబ్బదు, ట్యాంకు నింపదు.

ఆ నీళ్ల సంగతి ఎంత పెద్దదో 1996లో తెలిసింది. నవంబరు 6 రాత్రి, దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరిచెట్లు వేలకు వేలు నేలకొరిగాయి, వాటితో పాటు కరెంటు స్తంభాలూను. దీపం లేకపోతే ప్రాణం పోదండీ, ప్రమిద వెలిగించుకుంటాం. రక్షిత నీటి ట్యాంకు ఎక్కకపోతే మాత్రం ఊరంతా గుంటల్లో నీళ్లే గతి. అవి తాగితే ఏమవుతుందో పిల్లల తల్లులకు చెప్పక్కర్లేదు. తుపాను తరువాత ఊరికి చేరే జనరేటరు ముందు వెళ్లవలసింది పంపు దగ్గరికి. కలిగినవారి ఇంటి వరండాలోకి కాదు.

ఇక ఇంకో విడ్డూరం. మన కాళ్ల కింద గ్యాసు. విజ్జేశ్వరంలో, జేగురుపాడులో, కాకినాడ దగ్గర గ్యాసుతో నడిచే విద్యుత్ కేంద్రాలు. 2009లో సముద్రంలోని కేజీ-డి6 గ్యాసు గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరింది. ఇక కోతలుండవన్నారు. రెండు మూడేళ్లలోనే ఆ గ్యాసు తగ్గుతూ పోయి, 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు అందకుండా పోయింది. 2012, 2013 వేసవులు మనం మరిచిపోగలమా? ఫాక్టరీలకు పవర్ హాలిడేలు, ఇళ్లకు గంటల తరబడి కోతలు. భీమవరం వైపు రొయ్యల చెరువులవాళ్ల అవస్థ మరీ ఘోరం. ఏరియేటర్లు ఆగి నీళ్లలో గాలి చాలకపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. వాళ్లకు చెరువుగట్టు మీద డీజిలు జనరేటరు తప్పనిసరయింది. ఇళ్లల్లో మనం ఇన్వర్టర్లు కొన్నాం. స్తోమత ఉన్నవాళ్లు జనరేటర్లూ కొన్నారు.

ఇప్పుడు ఆ ఆరుబయట అన్న మాటకు వస్తాను. డేరా ఇంజను ఊరి చివర పొగ వదిలింది గనక ఎవరికీ ఏమీ కాలేదు. అదే యంత్రం చిన్నదై వంటింటి పక్క వసారాలోకి వచ్చింది. దొంగలెత్తుకుపోతారని, వాన పడుతోందని లోపల పెట్టి తలుపేస్తారు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తల నొప్పి, వికారం, మత్తు, ఆ మత్తులోనే ప్రాణం పోతుంది. కిటికీ తెరిచామన్నంత మాత్రాన చాలదు. వాకిట్లో, తలుపులకూ కిటికీలకూ దూరంగా ఉండాలి. నడుస్తున్న వేడి యంత్రంలో పెట్రోలు పోయకూడదు, చల్లారనివ్వాలి.

రెండోది మన ఇల్లు దాటిపోయే ప్రమాదం. కొందరు జనరేటరు తీగను తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టేస్తారు, ఇల్లంతా వెలుగుతుందని. మెయిను ఆపకపోతే ఆ కరెంటు వీధి తీగల్లోకి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మరులో తిరగబడి వేల వోల్టులవుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ఆ పైనే ఉంటాడు. మెయిను ఆపేశాంలే అన్న ధీమా కూడా వద్దు, చీకట్లో ఏ పిల్లవాడి చెయ్యో దాని మీద పడవచ్చు. చేంజోవర్ స్విచ్ అని ఉంటుంది. అది ఒక వైపు తిప్పితే వీధి కరెంటు, ఇంకోవైపు తిప్పితే జనరేటరు, రెండూ ఒక్కసారి కలవవు. చీరకు పెట్టే ఖర్చు దానికి పెట్టమని మీవారికి చెప్పండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు అపార్ట్‌మెంట్లవాళ్లు అద్దె జనరేటర్ల కోసం పరుగులు పెట్టింది ట్యాంకులు నింపుకోవడానికే, ఆ తరువాతే సెల్‌ఫోన్ల చార్జింగు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను మన నరసాపురం దగ్గర తీరం దాటింది. ఈసారి తుపాను రాకముందే మంచినీటి పంపులకూ, సెల్ టవర్లకూ జనరేటర్లు సిద్ధం చేయించారు. ఇరవై తొమ్మిదేళ్లు పట్టిందండీ, బిందె దగ్గరికి ఇంజను ముందుగా రావడానికి.